వంగిన పిన్నులు

"ఆ బండికి క్లచ్ అరిగిపోయింది. వాడికి చెప్పే నాథుడు లేడు," అన్నాడు తండ్రి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని.

ఇంకా ఎండ ఎక్కలేదు. వీధి మలుపులో సిటీ బస్సు మూలుగుతూ గేరు మార్చుకుని ముందుకు పోయింది. ఆయన దాన్ని చూడలేదు, విన్నాడంతే. చప్పుడు విని బండి జబ్బు చెప్పడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. బస్సు డ్రైవరు ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ తెల్లవారుతూనే లేస్తాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, డ్యూటీకి బయలుదేరేవాడిలా తయారవుతాడు. ఆ తర్వాత వెళ్ళడానికి ఎక్కడా ఉండదు కనుక కిటికీ దగ్గర కూర్చుంటాడు.

"టీ చల్లారిపోతోంది," అంది తల్లి చేతిలో పని ఆపకుండా.

ఆమెది రఫ్ఫు పని. చిరిగిన బట్టకు ఆ బట్ట అంచులోంచే దారం లాగి, చిరుగు ఎక్కడుండేదో యజమానికే తెలియనంత నేర్పుగా అల్లేస్తుంది. ముందుగది మూల ఆమె బల్ల. బల్ల మీద ఎటు వంచితే అటు వంగే దీపం, దాని మెడకు బిగించిన గుండ్రటి భూతద్దం. ఆ పూట ఎవరిదో ఖరీదైన కోటు మోచేతి దగ్గర పురుగు కొడితే, ఆ కన్నం పూడుస్తోంది.

తండ్రి ఫ్లాస్కు వంచాడు. సగం టీ కప్పులో పడింది, సగం బల్ల మీద పారింది.

"మళ్ళీ పోశారా. కప్పు ఎక్కడుందో చూసుకుని పొయ్యకూడదూ? రోజూ ఇదే తంతు."

ఆయన భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి, ఉన్న సగం తాగాడు.

అప్పుడే కూతురు జుట్టు ముడేసుకుంటూ గదిలోంచి వచ్చింది. చిన్నప్పుడు నిద్రలో తప్ప నోరు మూసేది కాదని తండ్రి ఆమెను పిచ్చుక అని పిలిచేవాడు. ఇప్పుడు వంటింటి అలమరాల నమూనాలు గీసే ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో మాత్రం పిచ్చుకే.

"నాన్నా, ఇవాళ మదర్‌బోర్డూ ప్రాసెసరూ వస్తాయి. మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటావుగా?"

"చూడాలి. చాలామంది రమ్మంటున్నారు," అన్నాడు తండ్రి గంభీరంగా.

పిచ్చుక నవ్వింది. తల్లి నవ్వలేదు.

"ఇంకా వస్తూనే ఉన్నాయా ఆ డబ్బాలు? మంచం కింద చీపురు దూరడానికి చోటు లేదు."

"ఇవే ఆఖరివమ్మా. ఆదివారం కూర్చుని బిగించేస్తాం."

"బిగించి? తల నెరిసిన మనిషిని ఆటల ముందు కూర్చోబెడతావా? ఉన్న ఒక్క కన్నూ ఆ పెట్టెకి అప్పగించమంటావు, అంతేగా." సూదిలోకి దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించి, ముఖం ముడుచుకుని మళ్ళీ కోటు మీదికి వంగింది.

ఆయన ఎడమ కన్ను చూపు నొప్పీ గిప్పీ లేకుండా, చడీచప్పుడు కాకుండా పోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని, కుడి కన్ను నిలవాలంటే జీవితాంతం మందు చుక్కలు వేసుకోవాలని డాక్టరు చెప్పింది. డిపోలో వైద్యపరీక్ష జరిగిన రోజే ఆయన్ని బస్సు దింపేశారు. తప్పు వాళ్ళది కాదు. బస్సునిండా జనం ఉంటారు. ఆ మాట ఆయనే అందరికీ చెప్పాడు. టిక్కెట్ల కౌంటర్లో కూర్చోమంటే కొన్నాళ్ళు కూర్చున్నాడు. అద్దం వెనకనుంచి పాత తోటివాళ్ళు బస్సులెక్కి వెళ్ళడం చూడలేక ఒకరోజు రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన గొంతు వినబడటం తగ్గిపోయింది.

పిచ్చుకకు ఏం చేయాలో పాలుపోలేదు. పుస్తకాలు తెచ్చింది, తెరవలేదు. నడకకు రమ్మంది, వీధి చివరిదాకా వెళ్ళి కాళ్ళు లాగుతున్నాయన్నాడు. ఒక సెలవురోజున ఆఫీసు స్నేహితుడి ఇంటికి తీసుకెళ్ళింది. ఆ స్నేహితుడు కంప్యూటర్ ఆటల పిచ్చివాడు. అతని గదిలో వెడల్పాటి తెర ముందు స్టీరింగు, కింద పెడల్సు ఉన్నాయి. "ఒకసారి కూర్చోండి అంకుల్," అన్నాడు. తెర మీద లారీ, లారీ ముందు వాన పడుతున్న రోడ్డు. తండ్రి మొహమాటంగా కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పడగానే ఆయన వెన్ను నిటారైంది. కాసేపటికి, "వీడు ఇండికేటరు వెయ్యకుండా ఎలా దూరాడో చూడు," అని తెర మీది కారును తిట్టాడు. ఎన్నాళ్ళకో వినబడిన ఆ తిట్టు పిచ్చుక చెవికి కమ్మగా తోచింది. ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండి తీరాలని అక్కడే నిశ్చయించుకుంది. స్నేహితుడు పాత స్టీరింగు ఇచ్చేశాడు. మిగతా భాగాలు ఒక్కొక్కటే ఆమె కొనుక్కుంటూ వచ్చింది.

తయారుగా ఉన్న కంప్యూటరు కొనకపోవడానికి కారణముంది. బిగించే పనిలో తండ్రి చెయ్యి కూడా ఉండాలి.

సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర ఇద్దరికీ పాఠాలు మొదలయ్యాయి. ఒక్కో డబ్బా తెరిచి, దానిలోనిది ఏం చేస్తుందో పిచ్చుక చెప్పేది. తండ్రి దాన్ని బస్సు భాషలోకి మార్చుకునేవాడు.

"ఇది గ్రాఫిక్స్ కార్డు నాన్నా. బొమ్మంతా గీసేది ఇదే. రోడ్డు, చెట్లు, వాన, ఎదురొచ్చే లైట్లు. ఆటల కోసమైతే ముందు దీన్ని ఎంచుకుని, మిగతావి దీనికి సరిపడేట్టు చూసుకోవాలి."

"అంటే ఇంజను ఇదే."

"ఇంజను ప్రాసెసర్ అనుకున్నావుగా నిన్న?"

"ప్రాసెసర్ డ్రైవరు. ఇంజను ఎంత పెద్దదైతే ఏం, సీట్లో వాడు నిద్రపోతుంటే బండి నడుస్తుందా?"

"అదీ నిజమే. ఇదిగో, ఇది పవర్ సప్లై. ఇక్కడ మాత్రం కక్కుర్తి పడకూడదు. నాసిరకంది కొంటే అది పోతూ పోతూ మిగతావాటిని కూడా వెంటబెట్టుకు పోతుంది."

"కల్తీ డీజిలు," అన్నాడు తండ్రి తల ఊపుతూ.

ప్రాసెసర్ వచ్చిన సాయంత్రం పిచ్చుక గొంతు తగ్గించి, గట్టిగా మాట్లాడితే విరుగుతుందేమో అన్నట్టు చెప్పింది. "దీని దగ్గరే భయం. మదర్‌బోర్డు మీద ఈ మూత కింద సన్నటి పిన్నులు చేనులా నిలబడి ఉంటాయి. ప్రాసెసర్‌ని వాటిమీద వంకర లేకుండా ఆనించాలి, నొక్కకూడదు. మూల ఉన్న ఈ త్రికోణం గుర్తు అక్కడి గుర్తుకు కలవాలి. ముట్టుకునే ముందు పెట్టె ఇనుము మీద చెయ్యి పెట్టాలి, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవడానికి. ఆదివారం ఇద్దరం కలిసి పెడదాం."

తండ్రి ఆ చిన్న పలకను అద్దంలోంచి చూసినట్టు ప్లాస్టిక్ డబ్బాలోంచే చాలాసేపు చూశాడు.

శనివారం పిచ్చుక ఆఫీసుకు వెళ్ళింది. తల్లి కోటు మడతపెట్టుకుని, దాన్ని అప్పగించి రావడానికి బయలుదేరింది. ఇల్లు ఖాళీ అయింది. తండ్రి కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత లేచి బల్ల మీద మదర్‌బోర్డు పెట్టె తెరిచాడు.

దొంగచాటుగా చేయాలని కాదు. సాయంత్రం కూతురు వచ్చేసరికి "ఆ పని అయిపోయిందమ్మా" అనాలనిపించింది. ఎన్నో టన్నుల బండిని సందుల్లో తిప్పిన చేతులివి. వేలెడంత పలకను దాని చోట పెట్టడం ఎంతపని. పెట్టె ఇనుము మీద చెయ్యి వేశాడు. పిన్నులున్న సాకెట్ మూత తీసి, బిగించే కమ్మీ పైకెత్తాడు. ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, త్రికోణం గుర్తు చూసుకుని, నెమ్మదిగా దించాడు. ఇంకా దూరం ఉందనుకున్నాడు. లేదు. ఆయన కంటికి ఇంకా గాల్లో ఉన్న చెయ్యి అప్పటికే కిందికి చేరిపోయింది. పలక మూల ఒకటి పిన్నుల్లోకి దిగి, వేళ్ళ మధ్యనుంచి జారి, పక్కకు గీసుకుంది.

ఆయన ఊపిరి బిగబట్టి దాన్ని పైకి తీశాడు. పిన్నుల చేనులో ఒక మూల వెలుగు తేడాగా మెరుస్తోంది, పశువు పడి దొర్లిన చోటులా. ఎంతసేపు చూశాడో. చివరకు ప్రాసెసర్‌ని మళ్ళీ పెట్టి, ఈసారి సరిగ్గా కూర్చున్నాక, కమ్మీ దించి బిగించేశాడు. బహుశా ఏమీ కాదులే అనుకున్నాడు. కాకూడదని కోరుకున్నాడు.

"ప్రాసెసర్ నేనే పెట్టేశానమ్మా," అన్నాడు సాయంత్రం.

పిచ్చుక బ్యాగు కూడా దించకుండా వచ్చి చూసింది. కమ్మీ సరిగ్గా పడింది. పైనుంచి ఏ లోపమూ కనబడదు. "నాన్నా, నువ్వు మామూలోడివి కాదు," అని ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసింది. నిజం చెప్పేద్దామనుకున్న ఆయన, ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకు మూత పెట్టి పక్కన పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్న ముందుగదిలో కిటికీ దగ్గరి బల్ల మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టారు. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత ముద్ద వేసి పైన కూలర్ బిగించింది పిచ్చుక. ర్యామ్ కడ్డీలు టక్కుమనేదాకా నొక్కింది. బోర్డును పెట్టెలోకి దింపారు, మరలు తిప్పారు, గ్రాఫిక్స్ కార్డు పెట్టారు. తండ్రి వైర్లన్నీ జడ అల్లినట్టు వెనక్కి చుట్టి కట్టాడు. ఆయన ఎప్పటికంటే తక్కువ మాట్లాడుతున్నాడని ఆమె గమనించలేదు. ఏకాగ్రత అనుకుంది.

"ఇక కానియ్ నాన్నా, బటన్ నువ్వే నొక్కు."

నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

"కంగారేం లేదు. మొదటిసారి చాలామందికి ఇలాగే అవుతుంది," అని పిచ్చుక నేల మీద చతికిలబడింది. "ముందు సులువైనవి చూద్దాం. తెర వైరు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టామా, పొరపాటున బోర్డుకి పెట్టామా?"

"కార్డుకే."

"ప్రాసెసర్ కరెంటు వైరు? పై మూలది. అందరూ మర్చిపోయేది అదే."

"పెట్టాను. టక్కుమంది."

స్విచ్చు ఆపి, ర్యామ్ రెండు కడ్డీలూ తీసి, ఒక్కటే పెట్టి చూసింది. తర్వాత రెండోది. తర్వాత వేరే గాడిలో. గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి మళ్ళీ పెట్టింది. బోర్డు మీది గుండ్రటి చిన్న బ్యాటరీ తీసి, ఆగి, మళ్ళీ వేసింది. ప్రతిసారీ ఒక్క మార్పే చేసింది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదని తండ్రికి చెబుతూ చేసింది. చివరికి బోర్డు అంచున, ఫ్యాను వెనక దాక్కున్న ఎర్ర చుక్కంత దీపం ఆమె కంటబడింది.

"ఇదిగో, చెబుతోంది. నాలుగు దీపాలున్నాయి, ప్రాసెసర్ పక్కది వెలుగుతోంది. అంటే ప్రాసెసర్ పలకడం లేదు." ఆమె ముఖం ఎర్రబడింది. "చచ్చిన సరుకు అంటగట్టాడు ఆ దుకాణం వాడు. ఉండు, వాడి పని చెబుతా."

వెంటనే ఫోను అందుకుంది. అవతల దుకాణదారుడు ఏం చెబుతున్నాడో గాని, పిచ్చుక గొంతు మాటమాటకీ పెరిగింది. "సాకెట్లో ఒకసారి చూడమంటారేంటండీ? మా నాన్న చాలా జాగ్రత్తగా పెట్టారు. మీ తప్పు మా మీదికి తోస్తారా? నమ్మి కొన్నందుకు బాగా బుద్ధి చెప్పారు."

"పిచ్చుకా, ఫోను పెట్టెయ్," అన్నాడు తండ్రి.

"ఉండు నాన్నా, నీకు తెలీదు వీళ్ళ సంగతి."

"ఆయన తప్పేం లేదమ్మా. పెట్టెయ్."

ఆమె ఫోను చెవి దగ్గరనుంచి దించింది. తండ్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న అది నా చేతిలోంచి జారింది. పిన్నులు వంగాయి. చూశాను. చూసి కూడా మూసేశాను."

పిచ్చుక ఫోను కట్టేసి బల్ల మీద పెట్టింది. మాట మెత్తగా రాలేదు. "ముందే ఒక్క మాట చెబితే ఏం పోయింది నాన్నా? పొద్దుటినుంచి ఎర్రిదాన్లా అన్నీ విప్పుతున్నాను. పాపం ఆయన్ని నానా మాటలూ అన్నాను. కలిసి పెడదామన్నానుగా. ఆగలేకపోయావా?"

"దాచడం మీ నాన్నకి కొత్తేం కాదులే," అంది తల్లి.

ఆమె ఎప్పుడు వచ్చిందో, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చిన్న మందు సీసా. దాన్ని తెచ్చి విప్పిన భాగాల మధ్య పెట్టింది.

"బీరువా సర్దుతుంటే దొరికింది. నెలకొక సీసా అయిపోవాలి. ఇది పోయిన నెలది, తెరిచింది తెరిచినట్టే నిండుగా ఉంది. చుక్కలు వేసుకున్నారా అని రోజూ అడిగాను. రోజూ ఊఁ అన్నారు." ఆమె గొంతు పెరగలేదు. "మీరు ఆడుకోండి, పాడుకోండి, నేను వద్దంటానా? ఆ కన్ను కూడా పోతే నేను మీకు కనబడను. ఎదురుగా నిలబడినా కనబడను. ఆ సంగతి మీకు ఎప్పుడన్నా తట్టిందా?"

తండ్రి కుర్చీలో కూర్చుండిపోయాడు. నేలను చూస్తూ మాట్లాడాడు.

"మానేశాను. నిజమే. ఏం చూడ్డానికి వేసుకోవాలి అనిపించింది. కిటికీలోంచి పోయే బస్సుల్ని చూడ్డానికా? నువ్వు తిడతావని ఊఁ అనేవాణ్ణి."

"ఏవండీ..."

"చెప్పనీ. ఈ డబ్బాలు రావడం మొదలయ్యాక మళ్ళీ వేసుకుంటున్నాను. తెరిచి నెల దాటింది వాడకూడదంటారుగా, అందుకని కొత్తది కొనుక్కున్నాను." చొక్కా జేబులోంచి ఇంకో సీసా తీసి చూపించాడు. దానిలో మందు సగానికి దిగింది. "లారీ తోలాలంటే కన్నుండాలి కదా."

 ఆయనే మళ్ళీ అన్నాడు, ఈసారి కూతురితో.

"నిన్న దాన్ని పెట్టేటప్పుడు నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియలేదమ్మా. ఇంకా పైనే ఉందనుకున్నాను. ఒక కంటితో చూస్తే దూరం దగ్గరా తేడా తెలియదు. మెట్టు దిగబోతే ముందే నేల తగులుతుంది. టీ పోస్తే కప్పు అక్కడ ఉండదు. బస్సుని గోడకి బెత్తెడు దూరంలో ఆపేవాణ్ణి నేను. ఆ మాట ఎవరితో చెప్పుకోను? సిగ్గేసింది."

పిచ్చుక మోకాళ్ళ మీద జరిగి వచ్చి ఆయన ఒడిలో తల పెట్టింది. ఇందాక అన్న మాటలన్నీ తిరిగి మింగెయ్యాలనిపించింది. ఆయన ఆమె జుట్టు మీద చెయ్యి వేసి, "ఏడవకు, నీ కన్నీళ్ళు పడితే ఉన్నవి కూడా పాడవుతాయి," అన్నాడు.

తల్లి మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి ఆమె గోడను చూస్తూ ఉండిపోయింది. కప్పు ఎక్కడుందో చూసుకోకూడదూ అని తాను ఎన్ని ఉదయాలు అన్నదో గుర్తొచ్చింది. ఆయన ప్రతిసారీ తువ్వాలు తీసి తుడుచుకున్నాడే గాని, నాకు కనబడటం లేదు అని అనలేదు. పరధ్యానం అనుకుంది తను. ఉద్యోగం పోయిన మనిషికి దేనిమీదా శ్రద్ధ లేదనుకుంది. దారం పోగు తెగితే కనిపెట్టే కళ్ళు తనవి. పక్కన మనిషి ఇంతగా చిరిగిపోతుంటే పట్టుకోలేకపోయాయి. పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకోవలసి వచ్చింది.

ముందుగదిలోకి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది.

"ఆ పిన్నులేవో నాకు ఒకసారి చూపించు," అంది కూతురితో.

"బోర్డు మార్చాల్సిందేనమ్మా. సరిచేస్తారంటారు గాని చాలా కష్టం. పిన్ను విరిగితే ఇక అంతే."

"విరిగితే అప్పుడు మారుద్దువు. ముందు చూపించు."

పిచ్చుక కరెంటు తీసేసి, కూలర్ ఊడదీసి, ముద్ద తుడిచి, ప్రాసెసర్‌ని బయటికి తీసింది. బోర్డును తల్లి బల్ల మీదికి చేర్చారు. తల్లి భూతద్దం దించి చాలాసేపు చూసింది. పట్టుచీర జరీలో పోగు చూసినట్టు చూసింది.

"అన్నీ ఒకే వైపు తల వాల్చి ఉండాలి, అంతేనా?"

"అంతే. వరసలు తిన్నగా ఉండాలి."

"ఇక్కడ ఏడెనిమిది అడ్డం తిరిగాయి. రెండు ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి." పెట్టెలోంచి అన్నిటికంటే సన్నటి సూది ఏరింది. సూది పట్టుకున్న చేతిని ఒకసారి కంప్యూటరు పెట్టె ఇనుము మీద ఆనించమని పిచ్చుక చెప్పింది. తల్లి ఆనించింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"దీపం మీరు పట్టుకోండి. నేను చెప్పినట్టు తిప్పాలి."

"నా చేతిని నమ్ముతావా?"

"దీపాన్ని ఎక్కడా గుచ్చక్కర్లేదుగా. రండి."

ఆయన వచ్చి ఆమె భుజం పక్కన నిలబడ్డాడు. "కొంచెం కుడికి," అంది ఆమె. జరిపాడు. "కిందికి. ఆఁ, అక్కడే ఉంచండి." సూది మొన పిన్ను మెడ కిందికి దూరింది. ఆమె లాగలేదు, తొయ్యలేదు. పక్కకు ఒత్తిగిలి నిద్రపోయిన పసివాణ్ణి సరిగ్గా పడుకోబెట్టినట్టు కాస్త ఎత్తి వదిలింది. మళ్ళీ కాస్త ఎత్తింది. పిన్ను లేచి వరసలో నిలబడింది. ఆయన ఊపిరి ఆమె చెవి దగ్గర ఆగి, మళ్ళీ సాగింది.

పెనవేసుకున్న రెండు పిన్నుల దగ్గర ఆమె ఆగిపోయింది. సూది తీసి బల్ల మీద పెట్టి, వేళ్ళు విదుల్చుకుంది.

"కష్టంగా ఉందా?" అన్నాడు ఆయన మెల్లగా.

"టీ సంగతి నాకు చెప్పొచ్చుగా," అంది ఆమె, భూతద్దంలోంచి తల ఎత్తకుండా.

"చెబితే కప్పు నువ్వే నోటికి అందిస్తావు. అది నాకు ఇష్టం లేదు."

"అందించను. కప్పు అంచుకి ఫ్లాస్కు మూతి ఆనించి పోసుకోండి. చీకట్లో నేను అలాగే పోస్తాను."

 దీపం కొద్దిగా పక్కకు జరిగింది. ఆమె తన ఎడమచేత్తో ఆయన మణికట్టును పట్టుకుని నిలబెట్టి, కుడిచేత్తో సూది అందుకుంది. పిచ్చుక కాస్త దూరంగా నిలబడి, దగ్గు వచ్చినా ఆపుకుంది.

మళ్ళీ అన్నీ బిగించేసరికి ఎండ వాలింది. ఈసారి ప్రాసెసర్‌ని పిచ్చుక పట్టుకుంటే, తండ్రి వేలు ఆమె వేలి మీద ఉంది. బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. ప్రాసెసర్ పక్క దీపం వెలిగింది, ముగ్గురూ దాని మీదికి వంగారు, అది ఆరిపోయింది. పక్కది వెలిగి ఆరింది. తర్వాతది. తెర మీద తెల్లటి అక్షరాలు తేలాయి.

"వచ్చింది," అంది పిచ్చుక ఏడుపు గొంతుతో. "ఇంకా విండోస్ ఎక్కించాలి, డ్రైవర్లు ఎక్కించాలి, చాలా ఉంది గాని, వచ్చింది."

"డ్రైవర్లంటే నాతో చెప్పు, చాలామంది తెలుసు," అన్నాడు తండ్రి. తల్లి నవ్వేసింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ సాయంత్రమే ఆయన కూతురి చేత దుకాణానికి ఫోను చేయించాడు. మాట్లాడింది మాత్రం తానే. పొరపాటు తనదని, పాప తెలియక కేకలేసిందని, మన్నించమని అడిగాడు. దుకాణదారుడు అదేమీ పట్టించుకోకుండా, పిన్నులు ఎవరు సరిచేశారని రెట్టించి రెట్టించి అడిగాడట. "మా ఆవిడ," అన్నప్పుడు తండ్రి ఛాతీ కొంచెం పొంగింది.

తర్వాతి కంటి పరీక్షకు ముగ్గురూ కలిసి వెళ్ళారు. తల్లి తన మనసులో ఉన్నదంతా డాక్టరును అడిగేసింది. తెర చూసినందువల్ల కంట్లో ఒత్తిడి పెరగదని, మధ్యమధ్య కళ్ళకు విశ్రాంతి ఇస్తే చాలని, చుక్కలు మానేయడమే అసలు ప్రమాదమని డాక్టరు చెప్పింది. తల్లి భర్త వైపు చూసింది. ఆయన బుద్ధిగా తల ఊపాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాల రూపం మారింది. భోజనాలయ్యాక ఆయన లారీ తీస్తాడు. మొదట్లో తల్లి వంటింటి గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయేది. వెడల్పాటి తెరలో ఎడమ మూల ఆయనకు సరిగా అందదని, మెడ తిప్పేలోపు అటునుంచి ఏదో ఒకటి దూరుతోందని ఆమె కనిపెట్టింది. ఒకరోజు ముక్కాలిపీట తెచ్చుకుని ఎడమ పక్కన వేసుకుంది.

"ఎడమనుంచి వ్యాను వస్తోంది."

"చూశాను."

"చూళ్ళేదు. ఇప్పుడు చూశారు."

అలా ఆమె రోజూ కూర్చోవడం మొదలైంది. ముక్కాలిపీట పోయి, చేతుల కుర్చీ వచ్చింది. అలవాటు లేని ఊళ్ళ రోడ్లు, వంతెనలు, సముద్రం పక్కన మలుపులు ఇద్దరూ చూసుకుంటూ పోయేవారు. "ఇన్నేళ్ళు బస్సు తోలారు, ఒక్కసారన్నా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారా?" అని ఆమె దెప్పింది. "కూర్చున్నావుగా ఇప్పుడు," అన్నాడు ఆయన.

ఒక సెలవు మధ్యాహ్నం పిచ్చుక నీళ్ళకోసం ముందుగదిలోకి వచ్చి ఆగిపోయింది. తల్లి కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతోంది. పొద్దుటినుంచి పని చేసి అలసిపోయినట్టుంది, తల ఒక పక్కకు వాలి, నోరు కొద్దిగా తెరుచుకుంది. తెర మీద లారీ కొండదారిలో దిగుతోంది. వెనక వరసగా కార్లు, వాటి హారన్లు. తండ్రి చెయ్యి చాచి శబ్దం తగ్గించాడు.

"నాన్నా, అంత నెమ్మదిగా పోతే సరుకు టైముకి చేరదు," అంది పిచ్చుక గుసగుసగా.

ఆయన పెదవుల మీద వేలు పెట్టి, కళ్ళతో పక్కకు చూపించాడు. ముందు రోడ్డు గతుకులుగా ఉంది. ఆయన గేరు తగ్గించి, బ్రేకు మీద పాదాన్ని మెల్లగా ఆనించాడు, నిద్రపోతున్న మనిషి తల కుదుపుకు అదిరిపడకుండా.